కంటెయినర్‌లో నడుస్తున్న మస్కిటో బ్రోకర్‌కు చెరువు గట్టు మీది సెన్సర్ బోర్డులు కనెక్ట్ కావడం లేదు

చెరువుగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర ఒక పల్లె. మాకు మూడు వెన్నామీ రొయ్యల చెరువులు ఉన్నాయి. రాత్రిపూట నీటిలోని నాచు కూడా ఆక్సిజన్‌ను వాడుకోవడమే తప్ప తయారు చేయదు కాబట్టి, తెల్లవారుజామున డీవో (నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్) బాగా పడిపోతుంది. ఆ వేళకు ఇంట్లో ఎవరో ఒకరు మీటరు పట్టుకుని గట్టు మీద తిరగవలసిందే. మా నాన్నగారికి ఆ శ్రమ తగ్గించాలని, చెరువుకు రెండు చొప్పున ఆరు ఈఎస్‌పీ32 బోర్డులు (వై-ఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డులు) పెట్టి, డీవో, నీటి ఉష్ణోగ్రత రీడింగులను ఎంక్యూటీటీ (పరికరాలు చిన్న సందేశాలు పంపుకునే ప్రోటోకాల్) ద్వారా మోటారు షెడ్డులోని ఒక సర్వర్‌కు పంపాలని ఏర్పాటు మొదలుపెట్టాను.

సర్వర్ అంటే పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసినదే. షెడ్డులోని 4జీ సిమ్ రూటర్ దానికి 192.168.1.20 అన్న చిరునామా ఇచ్చింది. దాని మీద డాకర్ కంపోజ్ ద్వారా మస్కిటో (ఎంక్యూటీటీ సందేశాలను అందుకుని పంచే బ్రోకర్) ఒక కంటెయినర్‌గా (మిగతా సిస్టం నుంచి వేరుగా నడిచే పెట్టె వంటిది), నోడ్‌రెడ్ (రీడింగులను అందుకుని ఫోన్లకు సందేశాలు పంపే ప్రోగ్రాం) మరొక కంటెయినర్‌గా నడుస్తున్నాయి. మస్కిటోకు ప్రత్యేకంగా కాన్ఫిగ్ ఫైలు ఏదీ ఇవ్వలేదు. 1883:1883 అని పోర్ట్ మాత్రం పబ్లిష్ చేశాను, అంటే ల్యాప్‌టాప్ 1883 పోర్ట్‌ను కంటెయినర్ 1883 పోర్ట్‌కు కలిపాను.

ఇబ్బంది ఏమిటంటే, కంటెయినర్ లోపలికి వెళ్ళి మస్కిటో సబ్, మస్కిటో పబ్ ఆదేశాలతో పరీక్షిస్తే సందేశాలు చక్కగా వెళ్తున్నాయి, వస్తున్నాయి. బోర్డుల నుంచి మాత్రం ఒక్కటి కూడా కనెక్ట్ కావడం లేదు. మొదట డాకర్ ఇన్‌స్పెక్ట్‌లో కనిపించిన 172.18.0.2ను బోర్డు కోడ్‌లో పెట్టాను, పనిచేయలేదు. తర్వాత 192.168.1.20 పెట్టాను, అప్పుడూ సీరియల్ మానిటర్‌లో పబ్‌సబ్‌క్లయింట్ లైబ్రరీ మైనస్ 2 అన్న కోడ్‌నే చూపిస్తోంది. ఫైర్‌వాల్ అడ్డుపడుతోందేమోనని యూఎఫ్‌డబ్ల్యూను పూర్తిగా ఆపి చూశాను, మార్పు లేదు. సర్వర్ మీద ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో చూపే ఎస్ఎస్ ఆదేశం ఇస్తే 0.0.0.0:1883 దగ్గర వింటున్నట్టే కనిపిస్తోంది. సర్వర్ నుంచే లోకల్‌హోస్ట్ 1883కు టెల్‌నెట్ చేస్తే కనెక్ట్ అయినట్టు చెప్పి, వెంటనే మూసేస్తోంది. నోడ్‌రెడ్ కూడా బ్రోకర్‌కు కనెక్ట్ కావడం లేదు గానీ, అది వేరే సమస్య అయి ఉంటుందని ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

నేను అనుసరించిన వీడియోలో ఇదే పద్ధతిలో అన్నీ మొదటిసారికే పనిచేశాయి. లోపం ఎక్కడ ఉందో, ఎలా వెతకాలో పెద్దలు చెప్పగలరు. ఇది కుదిరిన తర్వాత ఏరియేటర్ల (నీటిలో గాలి కలిపే యంత్రాల) స్టార్టర్లకు రిలేలు (సర్వర్ నుంచి ఆన్, ఆఫ్ చేయగల స్విచ్‌లు) పెట్టాలని కూడా ఆలోచన ఉంది.

పాతసర్వర్ (జవాబు)

నమస్కారం అండీ. మీరు పక్కన పెట్టిన విషయమే ఈ చిక్కుకు అసలు ఆధారం. నోడ్‌రెడ్ కూడా కనెక్ట్ కావడం లేదన్నారు కదా. ఆ రెండు కంటెయినర్లు ఒకే కంపోజ్ ఫైలులో ఉన్నాయి కాబట్టి, డాకర్ వాటి కోసం ఏర్పాటు చేసిన ఒకే బ్రిడ్జ్ నెట్‌వర్క్‌లో (ల్యాప్‌టాప్ లోపలే ఉండే నెట్‌వర్క్) ఉంటాయి. వాటి మధ్య వై-ఫై లేదు, రూటర్ లేదు, పోర్ట్ పబ్లిష్ చేయవలసిన అవసరమూ లేదు. అంత దగ్గరి పొరుగు ఇంటికే తలుపు తెరుచుకోవడం లేదంటే, దోషం దారిలో లేదు, ఇంట్లోనే ఉంది. అందుకే మీరు యూఎఫ్‌డబ్ల్యూను ఆపినా ఫలితం లేకపోయింది.

డాకర్ లాగ్స్ ఆదేశంతో మస్కిటో కంటెయినర్ లాగ్‌ను మొదటి వరుస నుంచి చదవండి. లోకల్ ఓన్లీ మోడ్‌లో మొదలవుతున్నట్టు, ఈ యంత్రం మీద నడిచే క్లయింట్లకు మాత్రమే కనెక్షన్ సాధ్యమని ఒక వరుస తప్పకుండా ఉంటుంది. 2020 డిసెంబరులో వచ్చిన మస్కిటో 2.0 నుంచి ఈ పద్ధతి మొదలైంది. అంతకుముందు 1.6లో కాన్ఫిగ్ ఏదీ ఇవ్వకపోతే బ్రోకర్ అన్ని ఇంటర్‌ఫేస్‌ల మీదా వినేది, పేరు, పాస్‌వర్డ్ లేకుండానే ఎవరినైనా రానిచ్చేది. మీరు చూసిన వీడియో ఆ కాలానిది అయి ఉండాలి. 2.0 నుంచి లిజనర్ (ఏ పోర్ట్ మీద వినాలో చెప్పే వరుస) అని మనం స్పష్టంగా రాయకపోతే అది యంత్రం తనతో తాను మాట్లాడుకునే లూప్‌బ్యాక్ మీద, అంటే 127.0.0.1 మీద మాత్రమే వింటుంది.

ఇక్కడే కంటెయినర్ సంగతి మనసులో పెట్టుకోవాలి. ప్రతి కంటెయినర్‌కు తనదైన నెట్‌వర్క్ ప్రపంచం ఉంటుంది, దానిలో తనదైన లూప్‌బ్యాక్ ఉంటుంది. లాగ్‌లో 'ఈ యంత్రం' అన్నప్పుడు మస్కిటో దృష్టిలో యంత్రం అంటే ఆ కంటెయినరే తప్ప మీ ల్యాప్‌టాప్ కాదు. కాబట్టి కంటెయినర్ లోపలికి వెళ్ళి చేసిన పరీక్ష ఒక్కటే నెగ్గింది. పక్క కంటెయినర్, ల్యాప్‌టాప్, గట్టు మీది బోర్డు, ఈ ముగ్గురూ దానికి బయటివాళ్ళే అయ్యారు.

మరి ఎస్ఎస్‌లో 0.0.0.0:1883 అని కనబడిందే అంటారా? అది మస్కిటో కాదు. పోర్ట్ పబ్లిష్ చేసినప్పుడు డాకర్ తన తరఫున డాకర్ ప్రాక్సీ అన్న చిన్న ప్రాసెస్‌ను హోస్ట్ మీద కూర్చోబెడుతుంది. ఎస్ఎస్ ఆదేశాన్ని సుడోతో, ప్రాసెస్ పేర్లు కూడా చూపించమని అడిగి ఇస్తే ఆ పేరే మీకు కనిపిస్తుంది. సర్వర్ నుంచి లోకల్‌హోస్ట్‌కు టెల్‌నెట్ చేసినప్పుడు మీకు తలుపు తీసింది ఆ ప్రాక్సీయే. అది లోపలికి వెళ్ళి కంటెయినర్ చిరునామా మీద 1883ను తట్టింది, అక్కడ వినేవారు లేరు, వెనక్కి వచ్చి మీ కనెక్షన్‌ను మూసేసింది. 'కనెక్ట్ అయినట్టు చెప్పి వెంటనే మూసేస్తోంది' అని మీరు రాసిన ఒక్క వాక్యంలో ఈ కథంతా ఉంది. పోర్ట్ తెరిచి ఉన్నట్టు హోస్ట్ చెప్పే సాక్ష్యాన్ని కంటెయినర్ల విషయంలో నేను ఎప్పుడూ సగమే నమ్ముతాను.

బయటి నుంచి వచ్చే బోర్డు విషయంలో దారి కొద్దిగా వేరు. 192.168.1.20కి వచ్చిన ప్యాకెట్‌ను లైనక్స్ కెర్నెల్‌లోని ఐపీటేబుల్స్ నియమం ఒకటి పట్టుకుని, గమ్యాన్ని 172.18.0.2గా మార్చి, బ్రిడ్జ్ మీదికి పంపుతుంది. అక్కడ వినేవారు లేకపోవడంతో రీసెట్ (కనెక్షన్‌ను తిరస్కరించే జవాబు) వెనక్కి వస్తుంది. బోర్డు దానిని మైనస్ 2గా చూపిస్తుంది, అంటే టీసీపీ కనెక్షనే కుదరలేదని అర్థం. మీరు మొదట పెట్టిన 172.18.0.2 మాత్రం ఎప్పటికీ పనిచేయదు. ఆ చిరునామా మీ ల్యాప్‌టాప్ లోపలే చెల్లుతుంది, దాని దారి మీ రూటర్‌కు గానీ బోర్డులకు గానీ తెలియదు, పైగా కంటెయినర్‌ను మళ్ళీ సృష్టించినప్పుడు అది మారిపోవచ్చు. బోర్డులలో 192.168.1.20నే ఉంచండి, రూటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ పెట్టి ఆ చిరునామా ల్యాప్‌టాప్‌కే శాశ్వతంగా దక్కేలా చూడండి.

చేయవలసిన పని చిన్నదే. హోస్ట్ మీద మస్కిటో డాట్ కాన్ఫ్ అన్న ఫైలు ఒకటి సృష్టించి, అందులో లిజనర్ 1883 అని ఒక వరుస, అలో అనానిమస్ ఫాల్స్ అని ఒక వరుస, పాస్‌వర్డ్ ఫైలు ఎక్కడ ఉందో చెప్పే వరుస ఒకటి రాయండి. మస్కిటో పాస్‌వర్డ్ అన్న ఆదేశంతో బోర్డులకు, నోడ్‌రెడ్‌కు వేరువేరు పేర్లు సృష్టించండి. ఈ ఫైళ్ళున్న డైరెక్టరీని కంటెయినర్‌లోని మస్కిటో కాన్ఫిగ్ డైరెక్టరీకి మౌంట్ చేయండి. ఇందులో చాలామంది పడే గుంట ఒకటి ఉంది: హోస్ట్ మీద ఫైలు లేకుండానే దాని పేరును వాల్యూమ్‌గా రాస్తే, డాకర్ ఆ పేరుతో ఖాళీ డైరెక్టరీని సృష్టించి మౌంట్ చేస్తుంది, ఆపైన ఎన్ని గంటలు చూసినా మస్కిటోకు కాన్ఫిగ్ దొరకదు. కాబట్టి ముందు ఫైలు, తర్వాతే కంటెయినర్. అధికారిక ఇమేజ్‌లో మస్కిటో 1883 అన్న యూజర్ సంఖ్యతో నడుస్తుంది కనుక పాస్‌వర్డ్ ఫైలును ఆ యూజర్ చదవగలిగేలా అనుమతులు ఇవ్వాలి. అంతా అయ్యాక కంటెయినర్‌ను రీస్టార్ట్ చేయండి. కాన్ఫిగ్‌ను మళ్ళీ చదవమని సిగ్నల్ ఇచ్చినంత మాత్రాన లిజనర్లు మారవు.

యూఎఫ్‌డబ్ల్యూను మళ్ళీ ఆన్ చేయండి. ఎస్ఎస్‌హెచ్ వాడుతుంటే దానికి ముందుగా అనుమతి ఇవ్వడం మరిచిపోవద్దు.

కొత్తతీగ (జవాబు)

ఇంత శ్రమ ఎందుకండీ? కంపోజ్ ఫైలులో నెట్‌వర్క్ మోడ్ హోస్ట్ అని పెట్టేస్తే కంటెయినర్ నేరుగా ల్యాప్‌టాప్ నెట్‌వర్క్‌నే వాడుకుంటుంది, పోర్టుల గొడవే ఉండదు. అదీ వద్దనుకుంటే మ్యాక్‌వీలాన్ పెట్టి కంటెయినర్‌కు రూటర్ పరిధిలోనే 192.168.1.50 వంటి సొంత చిరునామా ఇవ్వవచ్చు. మా ఆఫీసులో రెండో పద్ధతిలోనే నడుపుతున్నాము, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

వంతెన (జవాబు)

కొత్తతీగ గారు చెప్పిన రెండు పద్ధతులూ నిజమైనవే, నేనూ వాడినవే. అయితే ఈ ప్రశ్నకు అవి మందు కావని నా అభిప్రాయం.

హోస్ట్ మోడ్ పెట్టినా కాన్ఫిగ్ ఫైలు లేకపోతే మస్కిటో లూప్‌బ్యాక్ మీదే వింటుంది, కాకపోతే ఈసారి ఆ లూప్‌బ్యాక్ ల్యాప్‌టాప్‌ది అవుతుంది. సర్వర్ మీద చేసే పరీక్షలన్నీ నెగ్గుతాయి, బోర్డులు మాత్రం అలాగే మైనస్ 2 చూపిస్తాయి. అంటే రోగం తగ్గదు, లక్షణం మాత్రం మారుతుంది, అప్పుడు కనిపెట్టడం ఇంకా కష్టం. అసలు కారణాన్ని సరిచేసిన తర్వాత చూస్తే, మామూలు బ్రిడ్జ్, ఒక పబ్లిష్ చేసిన పోర్ట్ సరిపోతాయని తేలుతుంది.

మ్యాక్‌వీలాన్ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. మీ ఆఫీసులో సర్వర్ ఈథర్‌నెట్ తీగతో స్విచ్‌కు కలిపి ఉంటుంది. చెరువుగట్టు గారి ల్యాప్‌టాప్ షెడ్డులో వై-ఫై మీద ఉంటే మాత్రం అది పనిచేయదు. మ్యాక్‌వీలాన్ అంటే కంటెయినర్‌కు వేరే మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్ కార్డుకు ఉండే గుర్తింపు సంఖ్య) ఇవ్వడం. వై-ఫై యాక్సెస్ పాయింట్ మామూలుగా ఒక క్లయింట్ నుంచి, అది చేరినప్పటి మ్యాక్ చిరునామాతో వచ్చే ఫ్రేములనే అంగీకరిస్తుంది. రెండో మ్యాక్‌తో వచ్చినవి ఎక్కడికీ చేరవు. తీగ మీద కుదిరినా మరో చిక్కు ఉంది: మ్యాక్‌వీలాన్ కంటెయినర్‌తో దాని హోస్ట్ నేరుగా మాట్లాడలేదు, దానికోసం హోస్ట్ మీద ఇంకో మ్యాక్‌వీలాన్ ఇంటర్‌ఫేస్ సృష్టించాలి. ఇదంతా తెలిసి చేసేవారికి అది మంచి పనిముట్టు. రొయ్యల చెరువు గట్టు మీద అర్ధరాత్రి చెడిపోతే సరిచేయవలసిన ఏర్పాటులో మాత్రం కదిలే భాగాలు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

ఎలా వెతకాలి అని కూడా అడిగారు కాబట్టి ఒక పద్ధతి చెబుతాను. సర్వర్ మీద టీసీపీడంప్‌ను (వచ్చిపోయే ప్యాకెట్లను చూపే ఆదేశం) అన్ని ఇంటర్‌ఫేస్‌ల మీద, పోర్ట్ 1883కు పరిమితం చేసి నడపండి, తర్వాత ఒకే ఒక బోర్డును రీసెట్ చేయండి. తెర మీద మూడు దృశ్యాలలో ఏదో ఒకటి కనిపిస్తుంది. బోర్డు నుంచి సిన్ (కనెక్షన్ కోరే మొదటి) ప్యాకెట్ అసలు రాకపోతే, అది సర్వర్ వరకు చేరనే లేదు. బోర్డులో చిరునామా తప్పయినా కావాలి, లేదా రూటర్‌లో క్లయింట్ ఐసోలేషన్ ఆన్‌లో ఉండి వై-ఫై పరికరాలను ఒకదానితో ఒకటి మాట్లాడనివ్వకుండా చేస్తూనైనా ఉండాలి. గెస్ట్ నెట్‌వర్క్ పేరుతో కలిపినప్పుడు ఇది తరచూ జరుగుతుంది. సిన్ పదేపదే వస్తూ జవాబు ఏదీ వెళ్ళకపోతే, మధ్యలో ఫైర్‌వాల్ ఎక్కడో మౌనంగా పారేస్తోంది. సిన్ వచ్చిన మరుక్షణమే రీసెట్ వెళ్తే, దారి బాగానే ఉంది, చివర వినేవారు లేరు. మీది ఈ మూడోదే అవుతుందని నమ్ముతున్నాను. అన్ని ఇంటర్‌ఫేస్‌ల మీద చూస్తున్నందువల్ల అదే ప్యాకెట్ మొదట వై-ఫై కార్డు మీద 192.168.1.20 గమ్యంగా, తర్వాత బ్రిడ్జ్ మీద 172.18.0.2 గమ్యంగా వేరువేరు వరుసల్లో కనిపిస్తుంది. చిరునామా మారే ఆ చోటును ఒకసారి కళ్ళతో చూస్తే కంటెయినర్ నెట్‌వర్క్ ఎప్పటికీ మరిచిపోరు.

చెరువుగట్టు

పాతసర్వర్ గారికి, వంతెన గారికి కృతజ్ఞతలు. లాగ్‌లో మీరు చెప్పిన వరుస మొదట్లోనే ఉంది, నేను ఎన్నడూ అంత పైకి వెళ్ళి చదవలేదు. టీసీపీడంప్‌లో కూడా మూడో దృశ్యమే కనిపించింది. ఒకే ప్యాకెట్ రెండు చిరునామాలతో వేరువేరు వరుసలుగా వచ్చినప్పుడు ఇన్నాళ్ళ గందరగోళం తీరింది.

లిజనర్ రాసి రీస్టార్ట్ చేయగానే మైనస్ 2 పోయి 5 వచ్చింది. అది అనుమతి లేదని చెప్పే కోడ్ అని తెలుసుకుని, బోర్డు కోడ్‌లో పేరు, పాస్‌వర్డ్ చేర్చాను. మొదటి బోర్డు కనెక్ట్ అయింది, నోడ్‌రెడ్ కూడా కంటెయినర్ పేరుతోనే కనెక్ట్ అయింది. అదే ప్రోగ్రాంను మిగిలిన ఐదు బోర్డులకూ ఎక్కించాను.

అక్కడి నుంచి కొత్త ఇబ్బంది మొదలైంది. ఒక్క బోర్డుకే కరెంటు ఇస్తే గంటల తరబడి నిలకడగా ఉంటోంది. రెండోదానికి ఇచ్చిన వెంటనే రెండూ కొన్ని సెకన్లకు ఒకసారి తెగిపోయి మళ్ళీ కలుస్తున్నాయి. ఆరూ పెడితే రీడింగులలో సగం కూడా రావడం లేదు. వై-ఫై సిగ్నల్ బలం చూశాను, షెడ్డు పక్కనే ఉన్న బోర్డుకు కూడా ఇదే పరిస్థితి. డాకర్ ఒకే పోర్ట్ మీద ఎక్కువ కనెక్షన్లను భరించలేకపోతోందా?

పాతసర్వర్

డాకర్‌ను అనుమానించకండి, ఆరు కాదు, ఆరు వందల బోర్డులైనా ఆ ఒక్క పోర్ట్ మీద కనెక్ట్ కాగలవు. అదే ప్రోగ్రాంను ఐదింటికీ ఎక్కించానన్నారు కదా, క్లయింట్ ఐడీ (బోర్డు బ్రోకర్‌కు చెప్పుకునే పేరు) కూడా ఆరింటికీ ఒకటే అయి ఉంటుంది. ఎంక్యూటీటీ నియమం ప్రకారం ఒక ఐడీతో ఒక కనెక్షనే ఉండాలి. అదే ఐడీతో మరొకరు వస్తే బ్రోకర్ పాత కనెక్షన్‌ను తెంచి కొత్తవారికి చోటిస్తుంది. తెగిన బోర్డు మళ్ళీ ప్రయత్నిస్తుంది, రెండోదాన్ని నెట్టేస్తుంది. ఒక్క కుర్చీ కోసం ఆరుగురు ఒకరినొకరు లేపుతున్నారన్నమాట. లాగ్‌లో ఈ క్లయింట్ ఇప్పటికే కనెక్ట్ అయి ఉంది, పాత కనెక్షన్‌ను మూసేస్తున్నాను అన్న అర్థంలో వరుసలు వందలకొద్దీ ఉంటాయి. ప్రతి బోర్డుకూ పుట్టుకతో వేరు మ్యాక్ చిరునామా ఉంటుంది కాబట్టి, దాని చివరి ఆరు అక్షరాలను ఐడీకి అతికించేలా రాస్తే ఒకే ప్రోగ్రాం అన్నిటికీ సరిపోతుంది.

ఇక మన పల్లెల్లో కరెంటు పోయి రావడం మామూలే కాబట్టి, అప్పుడు ఏమవుతుందో కూడా ఇప్పుడే చూసుకోండి. రెండు కంటెయినర్లకూ రీస్టార్ట్ పాలసీని అన్‌లెస్ స్టాప్డ్ అని పెడితే, ల్యాప్‌టాప్ లేచినప్పుడు అవీ లేస్తాయి. బోర్డులు కనెక్షన్ తెగితే కొద్ది కొద్దిగా వ్యవధి పెంచుకుంటూ మళ్ళీ ప్రయత్నించాలి. మస్కిటోలో పర్సిస్టెన్స్‌ను ఆన్ చేసి, డేటా డైరెక్టరీని కూడా హోస్ట్‌కు మౌంట్ చేస్తే, నిలవ ఉంచమని చెప్పిన చివరి రీడింగులు కంటెయినర్‌ను మార్చినా పోవు.

అన్నిటికన్నా ముఖ్యమైనది లాస్ట్ విల్. రీడింగ్ తక్కువగా వస్తే అలారం మోగించడం అందరూ చేస్తారు. రీడింగే రాకపోతే మోగించడం చాలామంది మరిచిపోతారు. డీవో 2కి పడిపోయిన చెరువు, తీగ తెగిన బోర్డు ఉన్న చెరువు, ఆ రెండూ తెల్లవారుజామున మూడింటికి మీ నాన్నగారికి ఒకే రకమైన ప్రమాదం. ప్రతి బోర్డు కనెక్ట్ అయ్యేటప్పుడే 'నేను లేను' అన్న సందేశాన్ని బ్రోకర్ దగ్గర ముందుగా దాచి ఉంచాలి. కీప్ అలైవ్ సమయానికి (బోర్డు తాను ఉన్నానని తెలపవలసిన వ్యవధికి) ఒకటిన్నర రెట్లు గడిచినా బోర్డు నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే బ్రోకర్ ఆ సందేశాన్ని తానే ప్రకటిస్తుంది. పబ్‌సబ్‌క్లయింట్‌లో కీప్ అలైవ్ మామూలుగా 15 సెకన్లు.

టెలిఫోన్‌మేస్త్రి (జవాబు)

ఈ చర్చను తర్వాత చదివేవారు ఇతర సర్వర్లతోనూ ఇదే సూత్రం సరిపోతుందని అనుకునే ప్రమాదం ఉంది కనుక ఒక మాట చేర్చాలనిపించింది. ఎంక్యూటీటీ కంటెయినర్‌కు బాగా అనువైన ప్రోటోకాల్. పరికరమే కనెక్షన్ మొదలుపెడుతుంది, ఒకే టీసీపీ పోర్ట్ ఉంటుంది, బ్రోకర్ పంపవలసినవన్నీ అదే కనెక్షన్ మీద వెనక్కి వెళ్తాయి. సందేశం లోపల ఎక్కడా సర్వర్ తన ఐపీ చిరునామాను రాయదు.

నేను ఐపీ ఫోన్లకు ఆస్టెరిస్క్ అన్న ఫోన్ సర్వర్‌ను కంటెయినర్‌లో నడిపినప్పుడు అలా కాలేదు. ఫోన్లు రిజిస్టర్ అయ్యాయి, గంట మోగింది, ఎత్తితే ఒక వైపు మాట మాత్రమే వినబడింది. కారణం ఏమిటంటే, సిప్ (కాల్‌ను కలిపే ప్రోటోకాల్) సందేశం లోపల 'నీ మాటను ఈ చిరునామాకు పంపు' అని సర్వర్ రాసి ఇస్తుంది. ఆస్టెరిస్క్ తనకు తెలిసిన 172.18 చిరునామాను రాసింది. ఐపీటేబుల్స్ ప్యాకెట్ పై కవరు మీది చిరునామాను మారుస్తుంది గానీ లోపలి ఉత్తరంలో రాసినదాన్ని ఇక్కడ మార్చలేదు. ఫోన్లు తమ మాటను చేరలేని చిరునామాకు పంపుతూ కూర్చున్నాయి. బయటివారికి చెప్పవలసిన చిరునామా ఏదో ఆస్టెరిస్క్ కాన్ఫిగ్‌లో విడిగా రాసిన తర్వాతే రెండు వైపులా మాట వినబడింది. పైగా ఆర్టీపీ (మాటను మోసే ప్రోటోకాల్) కోసం 10000 నుంచి 20000 వరకు పోర్టులన్నీ పబ్లిష్ చేయబోతే, ఒక్కో పోర్ట్‌కు ఒక్కో ప్రాక్సీ ప్రాసెస్ లేచి యంత్రమే మూలిగింది. ఫోన్ల సంఖ్యకు సరిపడా చిన్న పరిధికి తగ్గించాను. అటువంటి సర్వర్లకు హోస్ట్ మోడ్ నిజంగానే తగినదని నేను కొత్తతీగ గారితో ఏకీభవిస్తాను. పాసివ్ మోడ్ ఎఫ్‌టీపీతో ఫొటోలు పంపే కెమెరాలకు, కంట్రోలర్‌ను వెతుక్కునే వై-ఫై యాక్సెస్ పాయింట్లకు కూడా ఇదే తరహా చిక్కు వస్తుంది.

పరికరాలను తనంతట తాను కనిపెట్టే సర్వర్ల సంగతి మరొకటి. ఎండీఎన్ఎస్ (దగ్గరి నెట్‌వర్క్‌లో పరికరాలను పేరుతో వెతికే పద్ధతి) వంటివి 224.0.0.251కి పోర్ట్ 5353 మీద మల్టీకాస్ట్ చేస్తాయి, అంటే ఒకేసారి అందరికీ పిలుపు పంపుతాయి. ఆ పిలుపులు డాకర్ బ్రిడ్జ్‌ను దాటి బయటికి పోవు, బయటివి లోపలికి రావు. ఇంటి పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్‌ను కంటెయినర్‌గా పెట్టేవారికి హోస్ట్ నెట్‌వర్క్‌నే వాడమని దాని సూచనలలో ఉంది.

వంతెన

రిలేల సంగతి ప్రస్తావించారు కాబట్టి భద్రత గురించి కూడా చెప్పాలి. రీడింగులు చదివే బ్రోకర్ వేరు, ఏరియేటర్‌ను ఆపగల బ్రోకర్ వేరు. రెండోదానికి మీ వై-ఫై పాస్‌వర్డ్ తెలిసిన ప్రతివారూ ఆదేశం ఇవ్వగలిగితే అది పెద్ద ప్రమాదం. మస్కిటోలో ఏసీఎల్ ఫైలు (ఎవరికి ఏ అనుమతి ఉందో రాసే ఫైలు) పెట్టి, సెన్సర్ బోర్డుల పేరుకు రీడింగులు పంపే అనుమతి మాత్రమే, నోడ్‌రెడ్ పేరుకే రిలేల ఆదేశాలు పంపే అనుమతి ఉండేలా చేయండి.

యూఎఫ్‌డబ్ల్యూ ఆన్ చేసి ఉంది కదా అని కూడా ధీమాగా ఉండవద్దు. పబ్లిష్ చేసిన పోర్టులకు వచ్చే ప్యాకెట్ల గమ్యం ముందే మారిపోయి అవి ఫార్వర్డ్ దారిలో వెళ్తాయి, యూఎఫ్‌డబ్ల్యూలో మీరు రాసే మామూలు నియమాలు ఉండే ఇన్‌పుట్ దారిని తాకవు. అంటే యూఎఫ్‌డబ్ల్యూలో 1883ను మూసినా అది తెరిచే ఉంటుంది. పరిమితి పెట్టాలంటే డాకర్ యూజర్ అన్న చెయిన్‌లో రాయాలి. మీ షెడ్డులో ఇది పెద్ద విషయం కాకపోవచ్చు గానీ, ఇదే కంపోజ్ ఫైలును రేపు పబ్లిక్ చిరునామా ఉన్న అద్దె సర్వర్ మీద నడిపితే ప్రపంచమంతటికీ తలుపు తెరిచినట్టే. పబ్లిష్ చేసేటప్పుడు 192.168.1.20:1883:1883 అని చిరునామాతో సహా రాయడం ఒక ఉపాయం, అయితే కరెంటు వచ్చాక వై-ఫై కలవకముందే డాకర్ లేస్తే ఆ చిరునామా ఇంకా లేదన్న కారణంతో కంటెయినర్ మొదలు కాదు. మీ పరిస్థితిలో నేను దానిని సూచించను.

ఊరి నుంచి బయటికి వెళ్ళినప్పుడు ఫోన్‌లో చూడాలనుకుంటే రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ కోసం వెతకకండి. 4జీ సిమ్‌కు సాధారణంగా సొంత పబ్లిక్ చిరునామా ఉండదు, చాలామంది చందాదారులు ఒకే చిరునామా వెనుక ఉంటారు. ల్యాప్‌టాప్ నుంచే బయటికి కనెక్షన్ మొదలుపెట్టే వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ మార్గమే మీకు కుదురుతుంది.

చెరువుగట్టు

ఐడీలకు మ్యాక్ చిరునామా అతికించాక ఆరు బోర్డులూ నిన్న సాయంత్రం నుంచి ఒక్కసారి కూడా తెగలేదు. లాగ్‌లో ఒక్కో బోర్డు తన 192.168.1 చిరునామాతోనే వచ్చినట్టు కనిపిస్తోంది. పోర్ట్ పబ్లిష్ చేసే వరుసను మాత్రం చిరునామా లేకుండానే ఉంచాను.

లాస్ట్ విల్ రాసి ఈ తెల్లవారుజామున పరీక్షించాను. నాన్నగారు రెండో చెరువు గట్టు మీద నిలబడి బోర్డు బ్యాటరీ తీగ పీకారు. నేను షెడ్డులో గడియారం చూస్తున్నాను. అరనిమిషం లోపే నోడ్‌రెడ్ నుంచి ఇద్దరి ఫోన్లకూ రెండో చెరువు బోర్డు పలకడం లేదని సందేశం వచ్చింది. ఆయన తీగ మళ్ళీ పెట్టగానే 4.3 అన్న రీడింగ్ వచ్చింది, ఆయన చేతి మీటరులో 4.2 ఉంది. రిలేలు పెట్టే ముందు ఏసీఎల్ ఫైలు రాసి ఇక్కడ చూపిస్తాను, దయచేసి ఒకసారి పరిశీలించండి.